చంద్రశకటపు తూనిక

హేమంతము నడిమిభాగమున పులికాటు సరస్సుపై మంచుతెర యింకను తొలగక మునుపే దూరదేశములనుండి వచ్చిన రాజహంసలు బారులు బారులుగా లోతులేని యుప్పునీట నిలిచి వంచిన మెడ లెత్తక బురద నెమకుచుండ సముద్రమునకును సరస్సునకును నడుమ నున్న యిసుకదిబ్బపై ప్రొద్దు పొడిచి తడిసిన జమ్ముకొనలను రాగివన్నెకు తెచ్చుచుండెను. చేపలబండ్లు సూళ్లూరుపేట వైపునకు సాగిపోవుచుండెను. ఆ యొడ్డుననే కలదొక విశ్వవిద్యాలయము. చదువరులారా, ఇంతటి శోభను కిటికీనుండి యొక్కమాఱైన తొంగిచూడక ఆ యుదయమున అందలి యొక శాలలో పట్టుమని పెండ్లియీడైన రాని విద్వాంసులు బరువులను గూర్చి పోట్లాడుకొనుచుండిరి. వారి కర్మమునకు మన మేమి చేయగలము!

ఆ శాలలో బోధింపబడు విద్య అంతరిక్షాన్వేషణ వ్యవస్థానిర్మాణ శాస్త్రము. పేరు పొడుగే గాని పని యిల్లాలి పనియే. చక్రము చేయువాడు చక్రమునే లోకమనియు బ్యాటరీ చేయువాడు బ్యాటరీనే లోకమనియు నమ్మి బిగిసికొని కూర్చుండ వారందఱును ఒక్క కప్పు క్రింద కాపురముండునట్లు చేసి ఒకనికి చోటు పెంచి మఱియొకనికి తగ్గించి ఎవ్వరును అలిగి లేచిపోకుండ చంద్రునిదాక చేర్చుటయే యా విద్యకు పరమార్థము. అందలి తుదియేటి విద్యార్థులు చంద్రునిపై తిరుగాడదగిన చిన్నశకటము నొకదానిని నిర్మించిరి. అచటికి పోవు నొక నౌకలో దానికి చోటును దొరకెను. హద్దునకు మించి బరువున్నచో ఆ చోటు పోవును. ఆ సాయంకాలమే శకటపు తుదిబరువును నౌకవారికి తెలుపవలసి యుండెను.

శకటమున మిక్కిలి చిన్నది కంపనగ్రాహకము. అది చంద్రుని నేలపై చెవి యానించి లోపలి యదుళ్ళను విని గీతలుగా గీయును. దానిని నిర్మించినది ఉదయగిరి సీమలోని యొక మెట్టపల్లెనుండి వచ్చిన చెంగమ్మ. ఆమె బాల్యమున ఆ పల్లె క్రింద నేల తఱచుగా మూలిగెడిది. గోడలు నెఱ్ఱెలు వాఱ జనులు బిడ్డలను చంకబెట్టుకొని వీథిలో మంచములు వేసికొనెడివారు. వచ్చి చూచిన యధికారి యొకడు ఇచట నేమియు లేదు, అంతయు మీ భ్రమ యని పలికి జీపెక్కి పోయెను. ఆ మాట ఆ పిల్లకు పుండుమీద కారమయ్యెను. నేల పలికినప్పుడు వినునది యొకటి యుండి తీరవలెనని పంతముపట్టి చదివి బల్లపై చింతగింజ రాలినను కనిపెట్టగల యా యంత్రమును ఆమె యొంటిచేతితో నిర్మించెను. చక్రముల వెనుక పదిమంది కలరు. కంపనగ్రాహకము వెనుక చెంగమ్మ యొక్కతెయే. ఇక వేటు ఎవరిపై పడునో వేఱుగ చెప్పవలయునా?

ఆ శాలలో ఎంతకాలమునుండియో పాతుకొనిపోయిన యలవాటొకటి కలదు. తయారగునాటికి పెరుగు బరువునకై అంచనాపై కొంత మిగులు చూపుట ఈ విద్యలో న్యాయమే. కాని హాస్టలులో సీనియర్లు జూనియర్లకు నూరిపోయుచు వచ్చిన మంత్రము వేఱు. ఎట్లును కోయుదురు గనుక ముందే పెంచి చెప్పుము, పెంచితినని మాత్రము పొక్కనీయకుము. ముహూర్తము ఏడింటికైన బంధువులకు ఆఱింటికని చెప్పు పెండ్లివారి నేర్పువంటిది. ప్రతివాడును ఇట్లే చేయుటచే ఎవ్వని మాటలో ఎంత నిజమో ఎవ్వనికిని తెలియకుండెను. వస్తువులన్నియు తయారై విడివిడిగా కన్నులయెదుట నుండినను వానిని త్రాసున కెక్కింపవలెనను తలంపు ఒక్కనికిని కలుగలేదు. ఎట్లు కలుగును? త్రాసునకు మొగమాటము లేదు కదా!

శాలాధిపతి ఆచార్య మునిరత్నము ఇస్త్రీ నలుగని తెల్లచొక్కాతో బోర్డునొద్ద నిలిచెను. పైన సున్న చుట్టిన అంకె బరువుహద్దు. దాని క్రింద ఒక్కొక్క భాగమునకు దాని కర్తలు చెప్పిన బరువు. అన్నిటిని కూడగా మొత్తము హద్దును దాటెను. దాటినది ఇంచుమించు కంపనగ్రాహకమంత. శకటమునుండి దేనినైన తొలగింపవలసినచో దాని కర్తయే లేచి సమ్మతమని పలుకవలెననునది అచటి యాచారము. అంతవఱకు వేఱుమాట పలికినవారు లేరు.

"చెంగమ్మా, బండి పోవాలంటే నీ పెట్టె దిగాల్సిందే. సమ్మతమేనా?" అని ఆచార్యుడు మంచినీళ్ళడిగినంత సులువుగా అడిగెను.

"సమ్మతం కాదు సార్."

సుద్దముక్క ఆయన చేతిలోనే యాగిపోయెను. చెంగమ్మ బోర్డు వైపు వ్రేలు చూపెను. "బోర్డు మీదుండే అంకెలన్నీ మనం నోటితో చెప్పినవి సార్. ఒక్కటీ తూచింది కాదు. అన్నిట్నీ తూకానికి పెట్టించండి. అప్పటికీ ఎక్కువొస్తే నా చేత్తో నేనే తీసేస్తాను."

చక్రములకు నాయకుడైన కిరీటి బల్ల చఱచి లేచెను. "ఏంది మే, మేం అబద్ధాలు చెప్పినామంటుండావా? మూడేళ్ళు చేతులు కాల్చుకోని చేసినాం ఆ చక్రాల్ని!"

"గమ్మునుండండి ఇద్దరూ" అని ఆచార్యుడు గర్జించెను. "ఇప్పుడు అన్నీ తూచుకుంటా కూర్చుంటే సాయంత్రమైపోయి బండికి చోటే పోద్ది. నీ ఒక్కదాని పంతానికి ఇంతమందిని బలిపెట్టమంటావా?"

"నన్నొక్కదాన్ని బలిపెట్టేదానికి మాత్రం టైముందా సార్?"

సెబాసు! అని మన మందుము గాని ఆ శాలలో ఎవ్వరును అనలేదు. చెంగమ్మ మఱుమాటకు వేచియుండక కంపనగ్రాహకమును రెండుచేతుల నెత్తికొని దాని తీగలు గీతలు చూపు తెరకు తగిలియుండగనే తెచ్చి త్రాసుపై నుంచెను. అది ఆమె చెప్పినదానికన్న ఒక జామకాయంత తక్కువ తూగెను. వెనుకబల్లలనుండి పకపక నవ్వులు పుట్టెను. దొంగ దొరికెనని యొకడు గొణిగెను. ఆమె చెవులదాక ఎఱ్ఱబడి సిగ్గుతో చచ్చినంత పనియయ్యెను. ఐనను తల దించలేదు.

"అవును, పెంచి చెప్పినాను. సీనియర్లు నాకూ అదే నేర్పినారు. నాది బయటపడిపోయింది. ఇప్పుడు మీవి పెట్టండి."

మొదట కదలినది బ్యాటరీ చూచుకొను ఫిలోమినా. ఆ పిల్ల ఎవరి మొగమును చూడక కంపనగ్రాహకమును త్రాసు ప్రక్కకు దించి బ్యాటరీని తెచ్చి యుంచి త్రాసుముల్లు నిలువకమునుపే నాలుక కఱచుకొనెను. చెప్పినదానికన్న అది ఒక కొబ్బరికాయంత తక్కువ. పిమ్మట రేడియో, కెమెరా, చట్రము ఒక్కొక్కటిగా త్రాసెక్కెను. అన్నియు చెప్పినదానికన్న తక్కువయే. బోర్డుపై నోటి అంకెలు చెఱిగి తూకపు అంకెలు నిలుచుచుండ నవ్వినవారి నోళ్ళు మూతపడెను. తుదకు కిరీటి చక్రములను తానే మోసికొనివచ్చి త్రాసుపై దించి చేతులు కట్టుకొని నిలిచెను. ఔరా! అవి చెప్పినంతయే తూగెను. వెంట్రుకవాసి తేడా లేదు. అందఱిలో దాచనివాడు వా డొక్కడే. వాని కోపమంతయు నిజాయితీపరుని కోపమని అప్పుడు గాని తెలియలేదు.

"తప్పయిపోయింది కిరీటీ. నిన్ను అనుమానించినాను" అని చెంగమ్మ కన్నుల నీరు పెట్టుకొనెను.

"తప్పులు తర్వాత చూసుకుందాం లే మే. ముందు మొత్తమెంతొచ్చిందో చూడు" అని వాడు పెదవి విఱిచెను.

మొత్తము వచ్చెను. ఎంత తగ్గినను హద్దునకు ఇంకను నిమ్మకాయంత యెక్కువ. ఆచార్యుడు నిట్టూర్చి సుద్దముక్కను బల్లపై నుంచెను. "మాటిచ్చినావమ్మా. ఇప్పుడు తీసేయి."

మాట యిచ్చినది నిజమే. చెంగమ్మ త్రాసునొద్దకు పోయి యంత్రముపై చేయి వేసెను. మూడేండ్ల కష్టము, మూలిగిన పల్లె, జీపెక్కిపోయిన యధికారి అన్నియు ఆ చేతిక్రిందనే యుండెను. దానిని ఎత్తబోవుచు ఆమె కడసారి బోర్డు వైపు చూచెను. అంకె లన్నియు క్రొత్తవి. పైనున్న సున్న చుట్టిన యంకె మాత్రము పాతది. ఆమె చేయి యంత్రముమీదనే నిలిచిపోయెను.

"సార్, ఇంకా ఒక్క అంకె నోటితో చెప్పిందే ఉంది. మీరు రాసిన హద్దు. నౌకవాళ్ళు మనకిచ్చింది అదేనా?"

ఆచార్యుని మొగము కందగడ్డయయ్యెను. "నీకు మార్కులేసేది నేనే. గుర్తుండాదా?"

"గుర్తుంది సార్. ఎన్నేసుకుంటారో వేసుకోండి. హద్దు మాత్రం చెప్పండి."

ఈమాఱు ఆయన గొంతులో గర్జన లేదు. "కాదు. వాళ్ళిచ్చింది ఇంకా ఎక్కువ. ఎంత హద్దు చెప్తే అంతకు మించి తెస్తారు మీరు. ఎన్నేళ్ళుగా చూస్తుండాను! ఆఖరి రోజున బరువెక్కువై ఇంటికొచ్చిన బండి ముందర కూర్చోని పిల్లోళ్ళు ఏడస్తుంటే చూసినోణ్ణి. అందుకే తగ్గించి రాసినాను."

అబద్ధములలో ఇంత ప్రేమగల యబద్ధము అరుదు. ఐన నేమి, వేటు పడినచోటు వేటు పడినచోటే. చెంగమ్మ కన్నులు తుడుచుకొని యిట్లనెను. "మిగులు ఉండాల సార్, వద్దనడం లేదు. అయితే అది అందరి కండ్ల ముందరా ఉండాల. మీకు భయపడి మేం దాచి, మాకు భయపడి మీరు దాస్తే, చివరాఖరికి బయటికి పోయేది వెనకాల ఎవరూ లేనోళ్ళ పెట్టేగా!"

ఫిలోమినా తల వంచుకొనెను. కిరీటి వచ్చి చెంగమ్మ ప్రక్కన ఊరక నిలుచుండెను. ఆచార్యుడు బల్లపైనుండి సుద్దముక్కను తీసికొని బోర్డువైపు నడచెను. త్రాసు ప్రక్కన నున్న కంపనగ్రాహకమును తెరనుండి విప్పుట ఎవ్వరికిని తోచియుండలేదు. ఆయన యొక్కొక్క యడుగునకును తెరపై గీత యదరి ఒక్కొక్క చిన్నకొండయై లేచుచుండెను. దానినే చూచుచుండిన విద్యార్థులు ఆయన వైపు చూచుట మఱచిరి. ఆయన సున్న చుట్టిన యంకెను చేతితోనే తుడిచి అసలు హద్దును వ్రాసి దాని ప్రక్కన మిగిలినదెంతో అందఱికిని కనబడునట్లు పెద్ద యక్షరములతో వ్రాసెను. తెల్లచొక్కా నిండ సుద్దపొడి రాలెను.

"పెట్టె ఉంటుంది" అని ఆయన వెనుదిరుగకయే పలికెను. "మార్కుల సంగతి తర్వాత మాట్లాడదాం."

"అట్టే సార్" అని చెంగమ్మ ఏడ్చుచునే నవ్వెను. ఆయన మరల తన చోటికి నడచివచ్చుచుండ తెరపై గీత మరల లేచి పడి లేచెను. ఏమియు లేదని జీపెక్కి పోయిన యధికారి యడుగైనను తప్పు దిద్దుకొని వచ్చు నాచార్యుని యడుగైనను ఆ యంత్రమునకు భేదము లేదు. నేల యదరినది. అది వినెను.