పీపాల అడుగు నీళ్ళు

"ఇంట్లో నీకు పనేముంది, కూచుని కుట్టడమే కదా," అంటూ వరహాలరావు దోమతెర గుడ్డ ఇంకో తాను తెచ్చి రాజులమ్మ ముందు పడేశాడు. అప్పటికి ఆమె ముప్పై తెరలు కుట్టింది.

అది 1923 వానాకాలం. కొండల్లో తిరగబడ్డవాళ్ళను పట్టుకోవడానికి సర్కారు చింతపల్లిలో సిపాయిల కేంపు పెట్టింది. వరహాలరావు ఆ కేంపు ఆసుపత్రిలో కాంపౌండరు. తెరలు కుట్టడానికి వచ్చిన దర్జీ జ్వరం తగిలి నాలుగో రోజే నర్సీపట్నం దిగిపోయాడు. "మా ఆవిడ కుడుతుంది" అని డాక్టరు దొరతో ఒప్పుకుని వచ్చాడు భర్త. ఆమెను అడగలేదు. అడగాలని ఆయనకు తోచలేదు, తోచకపోవడం ఆమెకూ వింతగా అనిపించలేదు. పొద్దున్నే వంట, తరవాత ఆసుపత్రి పట్టీలు ఉడకబెట్టి ఆరవెయ్యడం, ఆ తరవాత తెరలు. వెలుతురు కోసం గుమ్మంలో కూచుని కుట్టేది. కుడుతున్నంతసేపూ నల్లటి చిన్న దోమలు, కాళ్ళమీద తెల్లచారలున్నవి, ఆమె చీలమండలు కుట్టేవి. పట్టపగలే కుట్టేవి.

తెరలు కేంపుకి వెళ్ళినా అక్కడి జ్వరం తగ్గలేదు. ఒళ్ళంతా ఎముకలు విరిచినట్టు నొప్పులు, కళ్ళ వెనక పోటు, మూడో రోజుకి ఒంటిమీద ఎర్రటి దద్దు. క్వినైను పనిచెయ్యలేదు. ఇది చలిజ్వరం కాదు, డెంగ్యూ అన్నాడు దొర. దోమలవల్లే వస్తుందని ఆయన పుస్తకాల్లో ఉంది. అందుకని కేంపు దిగువనున్న బురదనేలంతా కిరసనాయిలు పోయించాడు. నెల తిరిగేసరికి సగం మంది మంచాలెక్కారు.

రాజులమ్మ వేరే సంగతి చూసింది. కేంపులో ఆరు పీపాలున్నాయి. చిట్టెమ్మ అనే కొండమనిషి కొండవాగు గెడ్డ నుంచి కావిడితో నీళ్ళు తెచ్చి వాటిలో పోస్తుంది. ఊరి మీద వేసిన వెట్టి అది, వంతు ఆమెది. పీపా ఎప్పుడూ ఖాళీ కాదు, తరిగినమేరకు పైన పోస్తారు, అంతే. తను కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు కుండ బోర్లించి, అడుగునున్న నాచు వేలితో తీసి, నలుగురు ఆడవాళ్ళ ముందు చూపించింది. "పైన నీళ్ళు పోసి చేతులు దులుపుకునే కోడలు నాకు దొరికిందమ్మా" అంది. ఆ సిగ్గుతో రాజులమ్మ పదేళ్ళుగా మూడురోజులకోసారి కుండలు తోమి ఎండబెడుతూనే ఉంది. తన కుండల్లో పురుగు లేదు. పీపా అడుగు నీళ్ళు ఒకసారి చెంబుతో తెప్పించుకుని చూస్తే తోకలాడిస్తూ లెక్కలేనన్ని పురుగులు కనిపించాయి. ఆ చెంబుకి గుడ్డ కట్టి ఉంచింది. ఆరోరోజుకి గుడ్డ కింద కాళ్ళమీద తెల్లచారల దోమలు వాలి ఉన్నాయి.

భర్తకు చెప్పింది. "దొర చదివిన చదువు కన్నా నీ చెంబు ఎక్కువేటి?" అన్నాడాయన.

వారం తిరక్కుండా ఆయనే జ్వరంతో పడ్డాడు. ఆయన్ని చూడడానికి దొరే వాళ్ళింటికి వచ్చాడు. రాజులమ్మ తలుపు పక్కన నిలబడి, చెంబు చూపించి, జరిగిందంతా చెప్పింది. వరహాలరావు మూలుగుతూనే దాన్ని ఇంగ్లీషులో దొరకు వినిపించాడు. ఆమెకు ఇంగ్లీషు రాదు. అయినా ఆసుపత్రి పక్కన ఉండి విన్నవి కొన్ని తెలుసు. ఐ అంటే నేను, వైఫ్ అంటే భార్య. మొదటి మాట నాలుగైదుసార్లు వినిపించింది. రెండోది ఒక్కసారీ రాలేదు. దొర వంగి ఆయన భుజం తట్టాడు. రాజులమ్మకు కోపం రాలేదు. పొయ్యిమీద జావ ఉందని గుర్తొచ్చి లోపలికి వెళ్ళింది.

పీపాలు మూడురోజులకోసారి వంపి, తోమి, మూతికి గుడ్డ కట్టమని ఉత్తర్వు వచ్చింది. ఇరవై రోజుల్లో సిపాయిల బసల్లో జ్వరం ఆగింది. వరహాలరావు పేర మెప్పు కాయితం వచ్చింది.

ఒక మధ్యాహ్నం చిట్టెమ్మ కావిడి దించి గుమ్మం దగ్గర కూలబడింది. భుజం మీద చర్మం లేచిపోయి ఉంది.

"ఉన్న నీళ్ళు పారబొయ్యడవేటమ్మా? మళ్ళీ ఆరు పీపాలూ నానే మొయ్యాల. ఎవులు సెప్పినారో ఈ మాట!"

"నేనే చెప్పాను చిట్టెమ్మా."

ఆ మాట తనదని రాజులమ్మ నోటితో అనడం అదే మొదలు. చిట్టెమ్మ కొంగుతో భుజం ఒత్తుకుంది.

"జొరం తగ్గితే ఈ సిపాయిలు మా కొండెక్కుతారు. మొన్న మా మేకలు తోలుకుపోయింది ఆలే. నీకు తెలీదా?"

తెలుసు. తెలిసీ జ్వరం సంగతే ఆలోచించింది, మోసే భుజం ఎవరిదో ఆలోచించలేదు. లేచి వెన్న తెచ్చి ఆ పుండుకు రాసింది. చిట్టెమ్మ వద్దనలేదు, కృతజ్ఞతగానూ చూడలేదు.

సిపాయిల్లో ఆగిన జ్వరం దొరల భోజనాల గుడారంలో మాత్రం ఆగలేదు. వంటవాడు పడ్డాడు, ఇద్దరు దొరలు పడ్డారు. అక్కడ పీపాల్లేవు. నేను కనిపెడతానని వరహాలరావు డాక్టరు దొరకు మాటిచ్చి వచ్చాడు.

"అక్కడ పురుగులెక్కడున్నాయంటావే? బేగి చెప్పు."

రాజులమ్మకు తెలుసు. తెరలు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు చూసింది. తిండి పెట్టుకునే జాలీ అలమరకు చీమలు ఎక్కకుండా నాలుగు కాళ్ళ కిందా నీళ్ళ గిన్నెలు పెట్టారు. వాటిని ఎవరూ కదపరు.

"చెబుతాను. ముందు పీపాల నీళ్ళు సిపాయిలే మోసుకోవాలని దొరచేత ఉత్తర్వు వేయించండి."

"నన్నే బెదిరిస్తన్నావా?"

"లేదండీ. అడుగుతున్నాను."

"సిపాయిలు కావిడి మోస్తారా? నవ్విపోతారు!"

"అయితే జ్వరం ఉంటుంది," అని ఆమె బియ్యం ఏరుకోసాగింది.

రెండురోజులు ఆయన ఆ గుడారం చుట్టూ తనే వెతుక్కున్నాడు. మూడోరోజు ఇంకో దొర మంచమెక్కాడు. ఆ సాయంత్రమే ఉత్తర్వు పడింది. మర్నాడు పొద్దున్న పన్నెండుమంది సిపాయిలు తిట్టుకుంటూ గెడ్డకి దిగారు. చిట్టెమ్మ ఒడ్డున నిలబడి, తొణికిపోతున్న వాళ్ళ కావిళ్ళు చూసి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

వరహాలరావు కోటు తొడుక్కుని వచ్చాడు. "నీ మాట చెల్లింది కదా. చోటు చెప్పు, నేనెళ్ళి చూపిస్తాను."

రాజులమ్మ చెయ్యి కడుక్కుని, కొంగు దోపుకుని, గుమ్మం దిగింది.

"నేనే చూపిస్తాను," అంది.

కేంపు దాకా ఆయన ఆమె వెనకే నడిచాడు. చోటు ఆయనకు తెలియదు.