డమ్మీ నామినేషన్

సుశీలమ్మ ఉగ్గానికి బొరుగులు తడుపుతా ఉంటే మరిది విష్ణువర్ధన్ వంటింటి గడప కాడికొచ్చి, చెప్పులు విప్పకుండానే కాగితాలు చాపినాడు.

"వదినా, ఎప్పట్లాగే ఒక సంతకం పెట్టు. రేపు నామినేషన్."

ఎప్పట్లాగే అంటే ఇది నాలుగోసారి. భర్త రాఘవేంద్ర ఎమ్మెల్యే ఎన్నికల్లో నిలబడిన మూడుసార్లూ ఆమె డమ్మీ అభ్యర్థి. ఆయన కాగితాల్లో తప్పు దొర్లి కొట్టేస్తే పార్టీ గుర్తు చేజారకుండా ఇంట్లోనే ఇంకో పేరు. ఆయనది చెల్లిందంటే ఈమెది చెల్లదు. "డమ్మీ అంటే ఏమి?" అని మొదటిసారి అడిగితే, "జీపు వెనకాల స్టెప్నీ చక్రం ఉంటాది సూడు, అది" అని ఆయన పదిమందిలో నవ్వినాడు. ఆమె కూడా నవ్వి, వేలిముద్ర వేసి, అందరికీ టీ పెట్టింది.

ఆయన రెండుసార్లు గెలిచినాడు. పొద్దున్నే అర్జీలతో జనం వచ్చేసరికి ఆయన నిద్రలో ఉండేవాడు, లేదంటే బెంగళూరులో. వాళ్ళకు మజ్జిగ ఇచ్చి, అరుగు మీద కూర్చుని వినేది ఈమె. యా ఊరి బోరు ఎండింది, ఎవరి పింఛను ఆగింది, ఎవరికి శనక్కాయ పంట బీమా రాలేదు, అంతా తలలో పెట్టుకుని, ఆయన అన్నం తినేటప్పుడు ఒక్కొక్కటే చెప్పేది. మీటింగుల్లో ఆయన ఊరూరి కష్టం పేరుపేరునా చెప్తుంటే, "సారుకు ఎంత గ్యాపకమో" అనేవాళ్ళు జనం. కూరలో ఉప్పెక్కువైతే "నీకు గ్యానం యాడుండాది" అనేవాడు ఆ సారు.

ఆయన పోయి నాలుగేండ్లయినా అర్జీలు ఆగలేదు. వాటిని ఆమే మండలాఫీసుకు తీసుకుపోతే, గుమాస్తా స్టాంపు ప్యాడు ముందుకు తోసి, "ముద్ర వేసి పో, నువ్వు చదివేదేముందిలే" అన్నాడు. ఆ వారమే, యాభైమూడేండ్ల వయసులో, పొదుపు సంఘంవాళ్ళు మధ్యాహ్నం పూట పెట్టే చదువు క్లాసులో చేరి పలక పట్టింది.

ఈసారి నిలబడేది మరిది. ఆమె చేతులు తుడుచుకుని కాగితం చదవడం మొదలుపెట్టింది. మరిది వెంట వచ్చిన వకీలు తిప్పేస్వామి ఓపిగ్గా నిలబడినాడు.

"పైన ఒక్కరు సంతకం చేస్తే చాలని ఉండాది. కింద పది గడులెందుకప్పా?"

"పార్టీ అభ్యర్థిని ఒక్కరు ప్రతిపాదిస్తే చాలమ్మా. సొంతంగా నిలబడేవాళ్ళకు పదిమంది ఓటర్లు కావాల."

"ఆ పదిమందీ పెడితే?"

"అప్పుడది డమ్మీ కాదు."

విష్ణువర్ధన్ నవ్వినాడు. "నీకు పదిమంది యాడ దొరుకుతారు వదినా? నీ పేరే ఎవరికీ తెలీదు, సారింటామె అంటారు. పెట్టు పెట్టు, ఉగ్గాని సల్లారిపోతాది."

"సల్లారనీ. మొత్తం చదివి పెడతా."

మధ్యాహ్నం ఆ కాగితాన్నే క్లాసులో చాప మీద పరిచింది. సంగతంతా చెప్పినాక, పక్కన కూర్చునే తిమ్మమ్మ పెన్ను కోసం చెయ్యి చాపింది. ఆమె భర్త ట్రాక్టరు తోలేది విష్ణువర్ధన్ దగ్గరే.

"నువ్వు పెట్టొద్దులే తిమ్మక్కా" అంది సుశీలమ్మ.

"పెట్టనంటినా? ట్రాక్టరు ఆయన తోలతాడు. సంతకం నాది."

బయమ్మ పెన్ను లాక్కుంది. "ఈ వయసులో చదివి కలెక్టరవుతావా అన్నాడు మా అల్లుడు. నేను కాను గానీ ఒకామెను ఎమ్మెల్యేను చేస్తాండా అని చెప్తా." వెనక కూర్చున్న ఎలిజబెత్ కిసుక్కుమంది. ఒక్కో పేరు రాయడానికి ఒక్కొక్కరికి ఎంతసేపో పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. పది గడులూ నిండేసరికి ఇంకా ఇద్దరు, మాకు చోటు లేదా అని అలిగినారు.

మరుసటి రోజు ఎన్నికల ఆఫీసు ఎదురుగా, రేకుల షెడ్డు కింద, నామినేషన్‌తో పెట్టాల్సిన సుశీలమ్మ అఫిడవిట్టును టైపిస్టు కొడతాండాడు. మరిది ఫోను మూడుసార్లు మోగి ఆగింది. నాలుగోసారి ఆమె ఎత్తింది. "నేను నిలబడతాండా విష్ణూ. డమ్మీకి ఇంకెవరినైనా చూసుకో" అని చెప్పి పెట్టేసింది.

"వృత్తి?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండానే టైపిస్టు గృహిణి అని కొట్టేసినాడు.

"అది ఉండనీ నాయనా, అబద్ధం కాదు" అంది సుశీలమ్మ. "దాని పక్కన ఇంకోటి కొట్టు. ఎమ్మెల్యే పని. పదహైదేండ్ల నుంచి."