పెట్టెకి ఇద్దరు

మంచంలో ఉన్న అత్త కింద దుప్పటి మారుస్తుంటే ముందుగదిలోంచి మా ఆయన గొంతు. రిటైరైన సుబేదార్ వైకుంఠరావుగారు రేపు బరంపురంలో అగ్నివీర్ కోచింగ్ పిల్లలకి ఉపన్యాసం ఇస్తారు. ఇవాళ వినాల్సింది నేను. నా చేతుల్లో ఏముందో ఆయనకి అక్కర్లేదు, చెవులు ఖాళీగా ఉంటే చాలు.

"యుద్ధంలో గుండ్ల పెట్టి ఒక్కడే ఎత్తీవోడు. ఓ జవానుకి నడుం పట్టీసింది. ఆ పూట కాల్పులు ఆగినాక అందర్నీ కూకోబెట్టి అడిగినారు. ముందు సిపాయి సెప్పాల, ఆఫీసరు ఆకర్న. తప్పు ఎక్కడ జరిగిందో సెప్పినోడ్ని కసరకూడదు. ఆ నడుం పట్టినోడు సెప్పినాడు, పెట్టి ఒక్కడికి బరువని. మర్నాటి నుంచి పెట్టికి ఇద్దరు! దెబ్బ తిన్న సోట నేర్సుకోవాల. బుఝిల?"

ఒడియా పిల్లలకి అర్థమైందా అని అడగడం అన్నమాట. తర్వాత నన్ను. "ఏటే, ఇంటన్నావా?"

"ఇంటన్నాను."

విన్నాను. చేతిలో ఉన్న మలం గుడ్డ కంపుకి నేనెప్పుడో అలవాటు పడ్డాను. అత్తకి పక్షవాతం వచ్చినప్పటినుంచి ఎత్తేది నేనొక్కదాన్నే. నిరుడు ఎత్తుతుంటే నడుం కలుక్కుమంది. మళ్లీ బరువులెత్తితే కాలు పడిపోతుందన్నాడు డాక్టరు. ఓ చెయ్యి వెయ్యమని అడిగితే ఈయన గుమ్మంలోనే ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని, "ఆడోళ్ల పని నాకేటి తెలుస్తాది? బెల్టు కట్టుకో" అన్నాడు. కన్నతల్లి కంపట! సోనేపూర్ నుంచి ఆడపడుచు ఫోన్లో "మా వదిన దేవత" అంటుంది. ఛీ, ఈ ఇంట్లో కంపు కొట్టేవి ఈ మాటలే.

మర్నాడు మెడల్స్ పెట్టుకుని, నేను పాలిష్ చేసిన బూట్లు వేసుకుని ఆయన బయల్దేరుతుంటే అత్త పిలిచింది.

"ఎత్తవే తల్లీ, తడిసిపోనాను."

వెళ్లి తలవైపు నిలబడి, భుజాల కింద చేతులు పెట్టి, ఆగాను. "ఏటండీ, ఇలా రండి. కాళ్లవైపు పట్టుకోండి."

"మతిపోయిందేటి? బట్టలు పాడైపోవూ? నువ్వెత్తీ."

"ముందు సిపాయి సెప్పాలన్నారు గదా, సెప్తన్నాను. ఒక్కదాన్నే ఇంకెత్తను. బుఝిల?"

ఆయన చెయ్యి అలవాటుగా ముక్కు మీదికి పోయింది. అత్త కొడుకు వంక చూసింది.

"ఆ సెయ్యి తియ్యిరా నాయనా," అంది. "నా కాళ్లు పట్టుకో."