రాజుగారి కాళ్లకు విందు

భీమవరానికి నాలుగు కోసుల దూరంలో ఒక ఊళ్లో హనుమంతరాజు అనే ఆసామి ఉండేవాడు. తాతల నాటి మాగాణి ఉంది, పొలం చూడటానికి మనుషులున్నారు. ఇక అతనికి మిగిలిన పని పెళ్లిళ్లకు వెళ్లడం. ముప్పయ్యేళ్ల మనిషి, చెరకు గడలా సన్నగా ఉండేవాడు. విస్తరి ముందు కూర్చున్నాడంటే మాత్రం పక్కవాళ్లు తమ భోజనం మాని అతన్నే చూసేవారు. అంత తిండీ ఎక్కడికి పోతోందో అతని భార్య సూర్యావతికి కూడా అంతుపట్టేది కాదు.

పద్దెనిమిది వందల తొంభై మూడు వైశాఖంలో, మేనమామ కూతురి పెళ్లి అయిన మర్నాడు తెల్లవారుజామున హనుమంతరాజుకి మెలకువ వచ్చింది. లేవబోతే కాళ్లు లేవలేదు. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. గిల్లుకుంటే తెలుస్తోంది. కదలమంటే మాత్రం అవి ఎవరివో కాళ్లలా ఊరకే పడి ఉన్నాయి. పిలిచిన పిలుపుకి పెళ్లిల్లంతా లేచి వచ్చింది.

ఆ ఊరి వైద్యుడు ఆచార్యులవారు నాడి చూసి, ఇది వాతమనీ, మండలం రోజులు తైలం పట్టించాలనీ చెప్పారు. ఇద్దరు మనుషులు మర్దనకు కూర్చున్నారు. మధ్యాహ్నానికి బొటనవేలు కదిలింది. పొద్దు వాలేసరికి రాజు లేచి, మిగిలిన పెళ్లి బూరెలు ఎక్కడున్నాయని అడిగాడు. నలభై రోజుల వైద్యం ఒక్క పూటలో ముగించానని ఆచార్యులవారు మూడు ఊళ్లలో చెప్పుకున్నారు.

రెండు నెలలకు కాళ్లు మళ్లీ పడిపోయాయి. ఈసారి తైలం చాలదనీ, ఎవరో చేతబడి చేశారనీ బంధువులు తేల్చారు. ఎవరో అన్నారే గానీ అందరి చూపూ సూర్యావతి తమ్ముడు సూర్యరాజు మీదే ఉంది, ఎందుకంటే బావాబావమరుదులిద్దరికీ పొలం గట్టు తగాదా నడుస్తోంది. మంత్రగాడు వచ్చి పెరట్లో తవ్వించి, మోకాలి లోతున నిమ్మకాయ ఒకటి తీశాడు. నెల రోజులుగా మట్టిలో ఉందన్న నిమ్మకాయ నిగనిగలాడుతూ ఉంది. దాన్ని దగ్గరగా చూడాలని అందరూ ముందుకు తోసుకుంటుంటే వాళ్లలో హనుమంతరాజు కూడా ఉన్నాడు. తను నడిచి వచ్చానన్న సంగతి అతనికే కాస్త ఆలస్యంగా తెలిసింది. మంత్రగాడికి పట్టుపంచె పెట్టారు. సూర్యరాజు మాత్రం ఆ తర్వాత అక్కగారి గడప తొక్కలేదు.

మూడోసారి పడిపోయినప్పుడు ఊళ్లో కొందరు నవ్వుకున్నారు. ఆ రోజు హనుమంతరాజు గట్టు తగాదాలో పెద్దమనుషుల ముందుకు రావాల్సి ఉంది. సమయానికి భలే పడిపోతాయండీ ఈ కాళ్లు అని ఎవరో అన్న మాట అతని చెవిన పడింది. ఆ మాట అతన్ని రోగం కన్నా ఎక్కువ బాధపెట్టింది. నిజంగానే కదల్లేకపోయానని భార్య ముందు ప్రమాణం చేయబోతే, నాకు తెలుసండి, నేను మీ పక్కనే ఉన్నాను కదా అని ఆమె ఆపేసింది.

రాజమండ్రిలో మిషను వాళ్ల ఆసుపత్రి ఉందనీ, అక్కడి దొరసాని మంచి వైద్యురాలనీ విని, హనుమంతరాజు విజ్జేశ్వరం దాకా కాలువ పడవలోనూ, అక్కడి నుంచి గోదావరి దాటీ వెళ్లాడు. దొరసాని అతన్ని గదిలో అటూ ఇటూ నడిపించింది. మోకాలి మీద చిన్న సుత్తితో కొడితే కాలు గుర్రంలా తన్నింది. ఆమె మాటల్ని తెలుగు చేసి చెప్పే నర్సు పేరు దేవకుమారి. నిడదవోలు దగ్గర పల్లెలో కూలి చేసుకునే ఇంట పుట్టి, మిషను బడిలో చదువుకున్న పిల్ల.

"మీకు ఏ జబ్బూ కనపడట్లేదంటున్నారండి. కదల్లేనప్పుడు రమ్మంటున్నారు" అంది దేవకుమారి.

"కదల్లేనప్పుడు ఎలా రానమ్మా?" అన్నాడు హనుమంతరాజు.

దొరసానికి ఆ ప్రశ్న ఇంగ్లీషు చేయకుండానే అర్థమైంది. కాళ్లు పడిపోయాక బయల్దేరితే రాజమండ్రి చేరేసరికి బాగైపోతాడు. బాగున్న మనిషిలో వెతకడానికి ఏమీ లేదు.

అతను ఇంటికొచ్చి ఇదంతా చెప్పి నిట్టూర్చాడు. సూర్యావతి వారం రోజులు వంట చేస్తూ, మూడుసార్లూ ముందురోజు అతను ఏం తిన్నాడో గుర్తు చేసుకుంది. మొదటిసారి పెళ్లి భోజనం. రెండోసారి పొలంలో నాట్లు పూర్తయ్యాయని ఇంట్లో పరమాన్నం, బూరెలు. మూడోసారి కార్తీక సోమవారం ఉపవాసం ఉండి, రాత్రికి ఆ పస్తంతా ఒక్కసారిగా తీర్చుకున్నాడు. ఇంట్లో రెండుసార్లూ వండింది తనే కాబట్టి వంటలన్నీ ఆమెకు గుర్తున్నాయి. ఎవరితోనూ అనలేదు. మళ్లీ రాజమండ్రి వెళ్దామనీ, ఈసారి తను కూడా వస్తాననీ మాత్రం చెప్పింది.

ఘోషాలో ఉండే రాచవారి ఆడమనిషి అంత దూరం రావడమంటే చిన్న సంగతి కాదు. గూడుబండి, పడవలో తెరలు, వెంట దాసీలు. ఆసుపత్రికి ఎదురుగా ఉన్న చుట్టాలింట్లో దిగారు. చేరిన రోజే సూర్యావతి, ఆడవాళ్లను ఆడవాళ్లే చూస్తారన్న నెపం మీద దేవకుమారిని పిలిపించి తలుపు వేసింది.

"రేపు పొద్దున్న మా రాజుగారి కాళ్లు పడిపోతాయి. దొరసానిగారు తెల్లారేసరికి సిద్ధంగా ఉండాలి."

"పడిపోతాయని మీకెలా తెలుసండి?"

"నేను పడగొడతాను కనక."

దేవకుమారి గతుక్కుమంది. సంగతంతా విన్నాక, ఇది తప్పు కాదా అమ్మగారూ అని అడిగింది. పెట్టేది అన్నమే కదా అంది సూర్యావతి. ఆ పిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆయ్, నేను చూసుకుంటానండి అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం హనుమంతరాజు విస్తరి చూసి పొంగిపోయాడు. పూర్ణం బూరెలకు మధ్యలో చిల్లుపెట్టి నెయ్యి పోస్తూ సూర్యావతి పక్కనే కూర్చుంది. చాలంటే, ప్రయాణంలో చిక్కిపోయారండి అని మరో రెండు వేసింది. పరమాన్నం అయ్యాక మళ్లీ అన్నం వడ్డించింది. పెళ్లైన పన్నెండేళ్లలో ఆమె ఇంత ఆప్యాయంగా కొసరడం ఎరగనని అతను చుట్టాల ముందు చెప్పుకుని, కదలకుండా పడుకుని నిద్రపోయాడు.

తెల్లారుతుండగా అతను సూర్యావతిని పిలిచాడు. రెండో పిలుపు నోట్లో ఉండగానే దొరసాని, దేవకుమారి, సుత్తి గదిలోకి వచ్చేశారు. మోకాలి మీద కొడితే కాలు ఉలకలేదు. సూది గుచ్చితే మాత్రం అబ్బా అన్నాడు. దొరసాని ముఖం వెలిగిపోయింది. తన కాళ్లు పోతే ఒకరు ఇంత సంతోషించడం హనుమంతరాజుకి నచ్చలేదు. మామూలు రోజైతే మిషను పిల్ల ముట్టుకుంటే ఇల్లంతా నీళ్లు చల్లించే మనిషి, దేవకుమారి తన కాలెత్తి పట్టుకుంటే, మెల్లగా తల్లీ అని మాత్రం అన్నాడు.

దొరసాని మధ్యాహ్నం దాకా కదలకుండా కూర్చుని ఏదో రాసుకుంది. వేళ్లు వణుకుతున్నాయనీ, గుండె పరుగెడుతోందనీ, గొంతు దగ్గర కాస్త ఉబ్బు ఉందనీ కనిపెట్టింది. పన్నెండు దాటాక కాళ్లు మెల్లగా తిరిగొచ్చాయి. అప్పుడు సూర్యావతి తెర వెనక నుంచి అసలు సంగతి చెప్పింది. దొరసాని మొదట నవ్వి, తర్వాత గట్టిగా కోప్పడింది. ఆ చచ్చుతనం కాళ్లతో ఆగకుండా ఊపిరి దాకా వచ్చి ఉంటే ఏమయ్యేదని అడిగింది.

"అందుకే కదా మీ గుమ్మంలో పెట్టాను" అంది సూర్యావతి.

హనుమంతరాజు తెర వైపు తిరిగి, ఆ బూరెలన్నీ అందుకేనా అని అడిగాడు.

"ప్రేమతోనే వండానండి. కాళ్లు పడిపోవాలని కూడా వండాను."

దొరసాని పుస్తకాల్లో ఈ జబ్బుకు పేరు దొరకలేదు. తన గురువులకు ఉత్తరం రాస్తాననీ, ఈలోగా రాత్రి పూట కొద్దిగా తినాలనీ, తీపి తగ్గించాలనీ, తిన్న వెంటనే పడుకోకుండా కాసేపు నడవాలనీ చెప్పింది. జవాబు పది నెలలకు వచ్చింది. దేవకుమారి దాన్ని పట్టుకుని ఊరికి వచ్చి చదివింది. దూరదేశాల్లో కూడా ఇలాంటి వాళ్లు కొందరు ఉన్నారట, కడుపునిండా తిని పడుకుంటే పొద్దున్న లేవలేరట. కారణం ఎవరికీ తెలియదట. మందూ లేదట.

హనుమంతరాజుకి ఆ ఉత్తరం ఎంతో ధైర్యం ఇచ్చింది. దాన్ని పెద్దమనుషుల ముందు రెండుసార్లు చదివించాడు. వాళ్లు అక్కడ ఏం తింటారని మాత్రం దేవకుమారిని అడిగాడు. రొట్టెలు, బంగాళాదుంపలు అని ఆమె చెబితే, పాపం, వాటి కోసం కాళ్లు పోగొట్టుకోవడమేమిటని జాలిపడ్డాడు. అదే వారం సూర్యరాజు ఇంటికి స్వయంగా వెళ్లి, నిమ్మకాయ సంగతిలో తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. గట్టు తగాదా మాత్రం ఒప్పుకోలేదు. సూర్యరాజు నవ్వి, భోజనానికి ఉండమన్నాడు.

ఆ తర్వాత అతని కాళ్లు రెండే సార్లు పడిపోయాయి. రెండుసార్లూ సూర్యావతి ఏ వైద్యుణ్ణీ పిలవలేదు. మంచం పక్కన పీట వేసుకుని కూర్చుని, నిన్న ఎవరింట్లో తిన్నారండి అని అడిగింది. మొదటిసారి అతను చెప్పడానికి మధ్యాహ్నం అయింది. రెండోసారి వెంటనే చెప్పేశాడు.