పదకొండు కిలోమీటర్లు

కారు కొందామని మా ఇంట్లో అనుకున్న రోజు నుంచీ అందరికీ ఏదో ఒక అభిప్రాయం ఉంది, ఒక్క అన్నయ్యకు తప్ప. మా ఆయన ఎత్తుగా ఉండే బండి కావాలన్నారు. పైనుంచి చూస్తే రోడ్డు బాగా కనిపిస్తుందట. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, దానికి పైకప్పు తెరుచుకోవాలి. మా వదిన బట్టలు కుడుతుంది, మూటలు పెట్టుకోవడానికి చోటుంటే చాలంది. నాకు మాత్రం అన్నయ్య ఏమంటాడో వినాలని ఉంది. అడిగితే, "ఏదైనా ఒకటేలే, నాలుగు చక్రాలు ఉంటాయిగా" అని టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

అన్నయ్య ఇరవై రెండేళ్లుగా ఒక కార్ల సర్వీసు షెడ్డులో పనిచేస్తున్నాడు. మెకానిక్ కాదు. మెకానిక్కులు పని పూర్తిచేశాక బండిని రోడ్డు మీద నడిపి, చప్పుళ్లేమైనా ఉంటే చెప్పి, ఆ తర్వాత ఊళ్లోనే యజమాని ఇంటికి తీసుకెళ్లి అప్పగించడం తన పని. నడిపి చూడడానికి ఒకటే దారి. మా వీధి పక్కనే ఉన్న ఆ షెడ్డు నుంచి ఏటి మీది వంతెన దాకా వెళ్లి, దాని మొదట్లోనే తిప్పుకుని వెనక్కి రావాలి. రానూ పోనూ పదకొండు కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చాక ఒకసారి మీటరు అంకెను ఆ బండి పని వివరాలుండే జాబ్ కార్డు మీద రాయాలి. తేడా పదకొండు దాటితే మేనేజరు పిలిచి అడుగుతాడు. షెడ్డులో తనని అందరూ రౌండన్న అంటారు. అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఇంకొక నియమం కూడా ఉంది. సీటు, అద్దాలు, రేడియో యజమాని ఎలా ఉంచుకుంటే అలాగే ఉండాలి. చేరిన కొత్తలో ఒక లాయరు గారి కారులో సీటు వెనక్కి జరిపి, తిరిగి సరిగ్గా పెట్టడం మరిచిపోయాడట. ఆ లాయరు షెడ్డుకొచ్చి నానా రభసా చేశాడు. ఆ రోజు నుంచీ అన్నయ్య ఏ సీటూ ముట్టుకోలేదు. మనిషి ఆరడుగులు. ఎవరి కారైనా సరే, మోకాళ్లు స్టీరింగుకు తగులుతుంటే అలాగే నడుపుతాడు.

ఈ ఉద్యోగంలో ఎందుకు చేరాడో కూడా చెప్పాలి. ఆ ఏడాది తనకు పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ సీటు వచ్చింది. నాన్నకు అదే ఏడాది నడుం పడిపోయింది. ఇద్దరిలో ఒక్కరే చదవగలరని ఎవరూ పైకి అనలేదు. అన్నయ్యే ఒకరోజు, "నాకు పుస్తకాలు పడవు, నిద్రొస్తుంది" అన్నాడు. ఆ మాట నమ్మడం మా అందరికీ తేలికైంది. నాక్కూడా. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. ఇవాళ నీటి సరఫరా విభాగం ల్యాబులో కెమిస్టుగా కూర్చుని సంతకాలు పెడుతున్నానంటే దాని వెనక ఏముందో నాకు తెలుసు.

ఇన్నేళ్లలో అన్నయ్య ఒక్క కారునే మెచ్చుకోగా విన్నాను. మూడేళ్ల కిందట, మా ఇంట్లో భోజనం చేస్తూ, ఎవరూ అడగకుండానే చెప్పాడు. అది ఒక కంటి డాక్టరు గారిది. వ్యాగన్ అంటారు. కుటుంబమంతా పట్టేంత పొడుగు, డిక్కీ పైకప్పు దాకా ఉంటుంది. కానీ నేలకు దగ్గరగా కూర్చుంటుంది, ఇంజను మాత్రం పందెం బండిది. "వంతెన దగ్గర దాన్ని వెనక్కి తిప్పాలంటే మనసొప్పలేదు" అన్నాడు అన్నయ్య. ఆ తర్వాత పచ్చడి అడిగాడు.

నేను ఆ మాట దాచుకున్నాను. మా ఆయనకు విషయం చెప్తే, ఎత్తు బండి మీద ఆశ వదులుకోవడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు, "సరే, బావగారు బాగుందన్నారంటే బాగున్నట్టే" అన్నారు.

షోరూముకు అందరం వెళ్లాం. ముదురు నీలం రంగు వ్యాగన్ అద్దాల గది మధ్యలో ఉంది. అన్నయ్య దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. చేతులు వెనక కట్టుకునే ఉన్నాడు. ఒకసారి వంగి కింద చూశాడు. మళ్లీ లేచి బానెట్ మీద వెలుతురు ఎలా జారుతోందో చూశాడు.

"మీ అన్నయ్య పెళ్లికి ముందు నన్ను కూడా ఇంతసేపు చూడలేదు" అంది వదిన నా చెవిలో.

"నీకు ఇన్ని గేర్లు లేవుగా" అన్నాడు అన్నయ్య, తల తిప్పకుండానే.

"ఎందుకు లేవు. నువ్వెప్పుడూ మొదటి గేరు దాటి నడపలేదంతే."

సేల్స్ అబ్బాయి నవ్వు ఆపుకోలేకపోయాడు. నడిపి చూడండి సార్ అని తాళం అన్నయ్యకిచ్చాడు. అంతకుముందే నేను కూర్చుని చూశాను కాబట్టి సీటు నా కొలతకు ఉంది. అన్నయ్య ఒళ్లంతా మడిచి అందులో ఇరుక్కున్నాడు.

"సార్, సీటు జరుపుకోండి. పక్కనే బటన్ ఉంది."

"పర్లేదు బాబూ, అలవాటే."

"అది మన కారే అన్నయ్యా, జరుపుకో" అన్నాను వెనక సీట్లోంచి.

"ఇంకా కొనలేదుగా" అన్నాడు.

కొన్నాం. కొన్న తర్వాత కూడా తను సీటు జరుపుకోలేదు. సీటు కొలతలు గుర్తుపెట్టుకునే మీటలు రెండున్నాయి. ఒకటో నంబరు మీద నాది, రెండో దాని మీద అన్నయ్యది పెట్టాలని తనని కూర్చోబెట్టి, మెడ మీద చెయ్యేసి మరీ కొలత తీసుకున్నాను. ఆ రెండో మీటను తను ఎప్పుడూ నొక్కలేదు.

కారు మాత్రం మా బతుకులో బాగానే సర్దుకుంది. వీధిలో వేగం తగ్గించే గట్టు వచ్చినప్పుడల్లా అడుగు గీసుకుంటుందేమోనని అందరం ఊపిరి బిగబట్టి, శరీరాలు తేలిక చేసుకునేవాళ్లం, అలా చేస్తే కారు పైకి లేస్తుందన్నట్టు. డిక్కీలో వదిన మూటలు, మా అమ్మాయి సైకిలు, మా ల్యాబు నీటి నమూనాల సీసాల పెట్టె ఒకేసారి పట్టాయి. పక్కింటాయన దాని పొడవు చూసి, "ఇంట్లో ఇంకెవరైనా పుట్టబోతున్నారా" అని మా ఆయన్ని అడిగాడు. గేరు పక్కన 'స్పోర్ట్' అని ఒక మీట ఉంది. మా అమ్మాయి ఒకరోజు దాన్ని నొక్కేసింది. కారు గొంతు మారి, నా కాలి కింద ఏదో లేచి నిలబడినట్టయింది. భయంతో వెంటనే ఆపేశాను. అది నాకోసం చేసింది కాదని ఆ క్షణంలో అర్థమైంది. నలభై దాటకుండా ఆఫీసుకు వెళ్లి వచ్చే మనిషి కింద అది రోజూ తలొంచుకుని నడుస్తోంది.

అన్నయ్య ప్రతి ఆదివారం వచ్చి దాన్ని కడిగేవాడు. టైర్లు చూసేవాడు. తలుపు మూసి, ఆ చప్పుడు విని, మళ్లీ తీసి మూసేవాడు. నడపమంటే, "దేనికి, బాగానే ఉంది కదా" అనేవాడు. తనకు బండి నడపడమంటే దానికేదో జబ్బు ఉండాలి.

ఒక ఆదివారం ఉదయం తాళం తన చేతిలో పెట్టి గట్టిగానే చెప్పాను. "ఇవాళ మాకు కారు అక్కర్లేదు. పొద్దుగూకేదాకా నీది. ఎటైనా వెళ్లు. వదినను తీసుకెళ్లు, లేదా ఒక్కడివే వెళ్లు. నేను అడగను."

"ఎటు వెళ్లమంటావు?"

"అది చెప్తే నేను వెళ్లమన్నట్టు అవుతుంది అన్నయ్యా. నీ ఇష్టం."

తను కాసేపు తాళం వంక చూశాడు. తర్వాత చెప్పులు తుడుచుకుని కారెక్కాడు. వీధి మలుపు దాకా చూస్తూ నిలబడ్డాను. లోపలికొచ్చి బియ్యం కడిగి, పొయ్యి మీద పెట్టి, కూర తరిగాను. కుక్కరు దించకముందే బయట తలుపు చప్పుడైంది.

తాళంతో పాటు ఒక చిన్న కాగితం ఇచ్చాడు. దాని మీద పెన్సిలుతో రెండంకెలు. వెళ్లేటప్పుడు 1846. వచ్చాక 1857.

నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. "ఇదేంటి? నేనేమైనా నీ మేనేజరునా? లెక్క అడిగానా నిన్ను?"

"కోప్పడకే."

"మా కారని మొహమాటమా? పరాయిదాన్నయిపోయానా నేను?"

అన్నయ్య గుమ్మంలోనే నిలబడిపోయాడు. "అది కాదమ్మా. నిజంగా వెళ్దామనే బయల్దేరాను. వంతెన దాకా బ్రహ్మాండంగా వెళ్లింది. అక్కడికి రాగానే చెయ్యి దానంతటదే తిప్పేసింది. తిరిగేదాకా నాకే తెలీలేదు." తన అరచేయి తెరిచి, అది ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. "మళ్లీ వెనక్కి తిప్పి వెళ్లొచ్చు. కానీ అప్పటికి ఏదో అయిపోయినట్టనిపించింది. వంతెనకు అవతల రోడ్డు ఎలా ఉంటుందే? బస్సులో వెళ్లాను గానీ, నడుపుతూ ఎప్పుడూ చూడలేదు."

అవతల రోడ్డు ఎలా ఉంటుందో నాకు తెలుసు. మూడు నెలలకోసారి ఆఫీసు జీపులో వెళ్తాను. వంతెన దాటాక అరవై కిలోమీటర్లలో జలాశయం వస్తుంది. దాని గట్టున పంపుహౌసు. అక్కడ పది నుంచి ఒంటిగంట దాకా గంటగంటకూ నీటి నమూనాలు తీసి, ఐసు పెట్టెలో పెట్టుకుని ల్యాబుకు తేవాలి. మొదటి సీసా నింపిన ఆరు గంటల్లోపు పరీక్ష మొదలవ్వాలి. ఐసు నిండా ఉంటే ఇంకాస్త సాగుతుందంటారు గానీ, పదిహేనేళ్ల సర్వీసులో నేనెప్పుడూ సాగదీయలేదు.

అది గుర్తొచ్చాకే నాకో సంగతి తట్టింది. తనకోసం వెళ్లమంటే అన్నయ్య వెళ్లలేడు. పనుందంటే వెళ్తాడు. ఆసారి నమూనాలు ఆదివారం తీస్తానని ఆఫీసులో చెప్పాను, జీపు పంపొద్దని కూడా చెప్పాను. అన్నయ్యతో మాత్రం జీపు రావడం లేదన్నాను. వద్దన్నాక అది ఎలాగూ రాదు.

"నన్ను దింపి, తీసుకురావాలి. డ్యూటీ" అన్నాను.

"డ్యూటీ అయితే సరే" అన్నాడు.

వంతెన దగ్గరికొచ్చేసరికి కారు నెమ్మదించింది. నేను కిటికీలోంచి ఏటి వైపు చూస్తూ కూర్చున్నాను. వెనక లారీ హారన్ కొట్టింది. అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. చక్రాల కింద వంతెన అతుకులు టకటకమంటూ ఒక్కొక్కటే దాటాయి. అవతలి ఒడ్డున రోడ్డు సూటిగా, రెండు వైపులా కోసిన పొలాలతో, కొండల దాకా పరుచుకుని ఉంది.

"ఇంత ఖాళీగా ఉంటుందా" అన్నాడు, అంతే. ఎనభై మించకుండా, నా సీసాలు కదలకుండా, పద్ధతిగా నడిపాడు.

పంపుహౌసు దగ్గర పదింటికి మొదటి సీసా నింపి బయటికొచ్చాను. అన్నయ్య కారు నీడలో నిలబడి ఉన్నాడు. జలాశయం పక్కనుంచి కొండల మీదికి ఎక్కే రోడ్డు వంక చూస్తున్నాడు.

"అది ఎక్కడికెళ్తుంది?"

"కొండ దాటి అటువైపు. నేను వెళ్లలేదు."

"మళ్లీ సీసా ఎన్నింటికి?"

"పదకొండుకు. తర్వాత పన్నెండు, ఒంటిగంట. నువ్వు ఇక్కడుండి చేసేదేమీ లేదు."

తను చెప్పుతో టైరును ఒకసారి తట్టాడు. "గాలి తగ్గినట్టుంది. దగ్గర్లో ఎక్కడైనా చూపించుకొస్తా."

గాలి తగ్గలేదు. నేను అవునన్నాను.

పదకొండింటి సీసా నింపినప్పుడు బయటికొచ్చి చూశాను. కారు లేదు. పన్నెండుకు చూశాను. లేదు. ఒంటిగంట సీసా మీద సమయం రాసి మళ్లీ చూశాను. ఇంకా లేదు. ఇరవై రెండేళ్లలో ఎవరి కారుకూ గీత పడనివ్వని మనిషి గురించి నాకు భయం లేదు.

ఒంటిగంటన్నరకు వదిన ఫోను. వెనక కుట్టుమిషను చప్పుడు. "ఏమండీ ఆడపడుచుగారూ, మీ అన్నాచెల్లెళ్లు ఏమన్నా తిన్నారా?"

"నేను తిన్నాను వదినా. అన్నయ్య సంగతి తెలీదు, ఇక్కడ లేడు."

"లేడంటే?"

"టైర్లలో గాలి చూపించుకొస్తానని పదింబావుకు వెళ్లాడు."

మిషను ఆగింది. "టైర్లు నాలుగే కదా."

"నాలుగే."

"ఏమైనా అయిందేమో, ఫోన్ చెయ్యనా?" అంది. గొంతులో భయముంది, ఇంకేదో కూడా ఉంది.

"చేస్తే వచ్చేస్తాడు వదినా."

"అవును, వచ్చేస్తాడు." ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపించింది. "అయితే నేనూ చెయ్యను." మిషను మళ్లీ మొదలైంది.

రెండయింది. నాలుగింటికల్లా మొదటి సీసా ల్యాబులో ఉండాలి. దారి గంటంబావు. ఐసు పెట్టె మూత తీసి చూశాను. సగం నీళ్లయింది. గట్టు మీద నిలబడితే కొండ రోడ్డు మూడు మలుపుల దాకా కనిపిస్తుంది. మూడింటిలోనూ ఏమీ కదలడం లేదు. దూరంగా ఎక్కడో ఇంజను మోగినట్టనిపించింది. ఇంకా రాకు అన్నయ్యా అనుకున్నాను. అది ట్రాక్టరు.

పంపు ఆపరేటరు స్టూలు తెచ్చి వేశాడు. "కూర్చోండి మేడం. ఆయనకు ఫోను చేసి తొందరగా రమ్మనకపోయారా, మీ సీసాలు పాడైపోవూ?"

"ఇక్కడ ఐసు ఎక్కడైనా దొరుకుతుందా బాబూ?" అని అడిగాను. "ఎక్కువే కావాలి."