కువైట్‌లో చూడాల్సిన తావులు

మాట్లాడితే ముత్యాలు రాలతాయంటారు గానీ, ఏసురాజు నోట్లోంచి తాలుగింజ కూడా రాలదని రాజంపేట దగ్గరున్న ఆ పల్లెలో అందరికీ తెలుసు. ఎవరేం అడిగినా ఆయన జవాబు "ఊ". సంతోషమైనా ఊ, దుఃఖమైనా ఊ. వద్దనడానికి కూడా ఊ అనే అంటాడు, కాకపోతే కొంచెం సాగదీస్తాడు. ఆ సాగు ఎంతో, దానికి అర్థమేమిటో భార్య రత్నమణికి తప్ప వేరెవరికీ అంతుబట్టదు.

అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం బొప్పాయి తోటలో పని ఆపి, చెట్టు నీడన గొంతుక్కూర్చుని, కడపలో నర్సుగా చేస్తున్న కూతురు కృపారాణికి తనంతట తానే ఫోన్ చేశాడు. అంతవరకూ ఆమె చేస్తే ఎత్తడమే గానీ ఆయన చేసింది లేదు. అమ్మకేమైందోనని ఆ పిల్ల హడలిపోయింది. అమ్మ బాగుందన్నాడు.

"నేను కువైటు సూడాలమ్మా. మీ అమ్మతో పోయి," అన్నాడు చివరికి.

కృపారాణి ఒకటో తరగతిలో ఉండగా రత్నమణి కువైట్‌కి పోయింది. ఆ పిల్ల నర్సింగు చదువు ముగిసే దాకా అక్కడే, ఒకే ఇంట్లో పనిచేసింది. మధ్యలో ఎప్పుడో ఒకసారి సెలవు మీద వచ్చి, పిల్లకు కొత్త పోయేలోపలే మళ్లీ విమానమెక్కేది. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఇది వింతేమీ కాదు. ఇంటికో మనిషి అక్కడ ఉంటారు. ఏసురాజు ఇక్కడ తోట చూసుకుంటూ, పొయ్యి ముట్టించుకుంటూ, పిల్లకు రెండు జడలు వేయడం నేర్చుకున్నాడు. మొదట్లో ఆ జడలు ఒకటి తూర్పుకీ ఒకటి పడమరకీ చూసేవి.

తండ్రి మాట విని కృపారాణి మురిసిపోయింది. అమ్మానాన్నలు ఎప్పుడూ ఏదీ అడగలేదు, అడిగింది ఇన్నాళ్లకు. అద్దాల మేడలు, ఎడారిలో ఒంటె సవారి, పెద్ద పెద్ద బజార్ల ఫొటోలు వరసగా పంపింది. ఆయన అవన్నీ చూసి, అవి వద్దన్నాడు. మరేం చూస్తావని అడిగితే ఒక్కొక్కటే చెప్పాడు. అమ్మ పనిచేసిన ఇల్లు. ఆ ఇంటి వాకిట్లో రేగుచెట్టు. ఇసుకగాలి లేచినప్పుడల్లా ఆమె కడిగిన ముందరి మెట్లు. గుడ్డలారేసిన మిద్దె. ఇంటికి ఫోన్ చేసిన డబ్బా, దాని పక్కన సరుకుల అంగడి. అక్కడ సెలవు రోజని శుక్రవారం శుక్రవారం తెలుగు ఆరాధన జరిగే చర్చి.

కృపారాణి అవన్నీ కాగితం మీద రాసుకుంది. వీసా, టికెట్లు అన్నీ తాను చూసుకుంటానన్నది. కాకపోతే ఒక షరతు పెట్టింది.

"ఇది నువ్వు నీ నోటితో అమ్మకు చెప్పు నాయనా. ఎందుకు పోవాలనుకుంటాండావో కూడా చెప్పు. అప్పుడే టికెట్లు."

ఏసురాజుకు ఇదే గండమైంది. బోరు పూడిక తీయమన్నా తీస్తాడు, కొండ మీద కట్టెలు కొట్టుకురమ్మన్నా తెస్తాడు. ఈ పని మాత్రం ఆయన చేతుల్లోది కాదు, నోట్లోది.

చెప్పడం రేపు రేపనుకుంటూ ఆయన ప్రయాణం మాత్రం తోటలో మొదలుపెట్టాడు. బొప్పాయి చెట్ల మధ్య నేల చదును చేసి, గులకరాళ్లు తెచ్చి పేర్చాడు. పెద్దరాయి ఇల్లు. పక్కన గుచ్చిన రేగుకొమ్మ చెట్టు. తెగిపోయిన డ్రిప్పు పైపు ముక్కలు రోడ్లు. చిన్నరాయి ఫోన్ డబ్బా, దాని పక్క ఇంకో రాయి అంగడి. ఏ రోజు ఎక్కడ మొదలుపెట్టాలి, ఎండెక్కేలోపల ఎంత దూరం నడవాలి, ఎక్కడ కూర్చోవాలి అని రాళ్ల మీదే చూసుకునేవాడు. నీళ్లు పారించేవాడు కాలువకు మడవ ఎక్కడ తీయాలో చూసుకున్నట్టు చూసుకునేవాడు.

చూడని ఊరు అంత బాగా ఎలా తెలుసంటే, చెవులతో చూశాడు. ఆ రోజుల్లో పాస్టరయ్య ఇంట్లోనే ఫోన్ ఉండేది. శుక్రవారం సాయంత్రం రత్నమణి చేసేది. ఆ వైపు నుంచి ఆమె చెప్తుంటే ఈ వైపు ఈయన ఊ కొట్టేవాడు. తొలి ఏట ఒకసారి ఆమె, "నువ్వెట్లా మాట్లాడవు. ఊ అను చాలు. నీ ఊ కోసమే ఈ ఫోన్ కార్డు కొంటాండా," అన్నది. ఆ మాట ఆయన లోపల అట్లే నిలిచిపోయింది. ఇక్కడ రేగుచెట్టు ఉండాది, మన చేలగట్టు మీదున్నట్టే, కాయ కొంచెం పెద్దది అని చెప్పేది. ఎండాకాలం కొళాయి తిప్పితే సలసల కాగిన నీళ్లొస్తాయనీ, చివరి గుడ్డ ఆరేసేసరికి మొదటి గుడ్డ ఆరిపోతుందనీ చెప్పేది. మిద్దె మీద ఒక మూల నిలబడితే మన దేశం ఆ దిక్కుంటుందని ఆ ఇంటి డ్రైవరు చూపించాడట. తెల్లారి అక్కడ నిలబడి మీ ఇద్దరి కోసం ప్రార్థన చేసుకుంటానని చెప్పేది. ఇసుక పొడికి చేతులు పగిలి నెత్తురు కారిన సంగతి మాత్రం చెప్పేది కాదు. అది ఆమె గొంతు జీరపోయే తీరులో ఆయనకే తెలిసిపోయేది.

తోటలో బోరు వేయించి నీళ్లు పడిన రోజున ఆయన మాట్లాడలేదు. అప్పటికి చేతి ఫోన్లు వచ్చాయి. ఫోన్ తీసుకుపోయి పైపు దగ్గర పెట్టాడు. అవతల ఆమె ఆ నీళ్ల చప్పుడు విని ఏడ్చింది. ఇద్దరికీ అదే మాట్లాడుకోవడం.

ఒకరోజు అన్నం తెచ్చిన రత్నమణి ఆ రాళ్లు చూసింది. ఏమిటవి అని అడిగింది. పైపులు మార్చి వేద్దామని కొలుస్తున్నానన్నాడు. ఆమె రాళ్ల చుట్టూ ఒకసారి నిదానంగా తిరిగింది, కొంగు విదిలించుకుని పోయింది.

ఈలోగా పాస్‌పోర్టుకు ఫొటోలు కావాలని కృపారాణి చెప్పింది. రత్నమణికి ఎక్కడికని చెప్పలేదు, పోదాం పదమన్నాడు. ఆమె నవ్వుకుంటూ ఉతికిన చీర కట్టుకుని బయల్దేరింది. రాజంపేటలో ఫొటో స్టూడియో మెట్లు దిగుతుంటే సంఘపెద్ద సుందరం ఎదురుపడ్డాడు. సుందరం ముందటేడు యెరూషలేము యాత్రకు పోయొచ్చాడు. అప్పటి నుంచి ఏ మాట మొదలుపెట్టినా యొర్దాను నదిలోనే తేలేవాడు.

"ఏమప్పా ఏసురాజూ, పాస్‌పోర్టుకా? దేశం దాటి పోతాండారా?" అని అడిగాడు.

"ఊ," అన్నాడు ఏసురాజు.

యెరూషలేముకేనా అని సుందరం అడిగాడు గానీ, జవాబు కోసం ఆగలేదు. చెప్పులు మెత్తనివి కొనుక్కోండి, అక్కడ రాళ్లు నున్నగా ఉంటాయి, జారతాయి అని మొదలుపెట్టి బస్సు వచ్చేదాకా వదల్లేదు. ఏసురాజు నోరు తెరిచేసరికి సుందరం బస్సెక్కి పోయాడు.

ఆదివారానికల్లా సంఘమంతా పాకింది. పాస్టరయ్య ప్రసంగ పీఠం మీద నుంచే ప్రకటించాడు: మన ఏసురాజు, రత్నమణి దంపతులకు దేవుడు పరిశుద్ధ దేశం చూసే భాగ్యమిచ్చాడు, వచ్చే శనివారం వాళ్లింట్లో కృతజ్ఞత కూడిక, అందరూ రావాలి అని. చప్పట్లు కొట్టారు. ఏసురాజు తల వంచుకుని చాప అల్లిక లెక్కబెడుతున్నట్టు కూర్చున్నాడు. లేచి కాదని చెప్పడం ఎంత పని? కానీ రత్నమణి పక్క వరసలో ఉంది. ఆమెకు చెప్పని మాట ముందు ఊరికెట్లా చెప్పేది? ఇంటికి పోయి చెప్పాలనుకున్నాడు. ఇంటికి పోయేసరికి ఆమె యాత్ర గురించి ఒక్క ముక్కా అడగకుండా వేరుశెనక్కాయలు ఒలుస్తూ కూర్చుంది. ఆమె మొహంలో సంతోషముందేమోననిపించి, యెరూషలేము మీద ఆశ పెట్టుకున్నదేమోనని ఆయనకు భయమేసింది. ఆ ఆశను తానెట్లా తుంచేది?

ఆ వారమంతా మనుషులు రావడమే. మోకాళ్ల నొప్పులతో ఏడాదిగా మంచం దిగని శారమ్మ చిన్న సీసా పంపించింది, యొర్దాను నీళ్లు తెమ్మని. ఒకరు ఒలీవ కట్టె సిలువ కావాలన్నారు. ఇంకొకరు కోర్టులో ఉన్న పొలం తగువు కోసం యెరూషలేములో విలాపాల గోడ దగ్గర ప్రార్థన చేయమన్నారు. ప్రతి ఒక్కరికీ ఏసురాజు ఊ అన్నాడు. ఆ ఊ ఎంత పొడుగు సాగిందో వాళ్లకెవరికీ వినపడలేదు. కృపారాణి మాత్రం ఫోన్‌లో ఒకటే అడిగింది, చెప్పినావా నాయనా అని. శనివారం తాను కూడా వస్తున్నానన్నది.

శనివారం పొద్దువాలకముందే వాకిట్లో చాపలు పరిచారు. పాటలు పాడారు, పాస్టరయ్య వాక్యం చదివాడు, ప్రార్థన చేశాడు. శారమ్మను కూడా మంచంతోనే మోసుకొచ్చి గోడ పక్కన దించారు. లోపల అన్నం, కూర దించే ఘుమఘుమ వస్తోంది. అప్పుడు పాస్టరయ్య, ఇప్పుడు మన ఏసురాజు సాక్ష్యం చెప్తాడన్నాడు. సంఘం పుట్టినప్పటి నుంచి ఏసురాజు సాక్ష్యం చెప్పింది లేదు. పిల్లలు కూడా అల్లరి ఆపేశారు.

ఆయన లేచాడు. తువ్వాలు తీసి రెండు చేతులా పట్టుకున్నాడు.

"మేం పోయేది యెరూషలేముకు గాదు. కువైటుకు," అన్నాడు.

ఎవరో నవ్వారు, పరాచికమేమోనని. ఆయన పరాచికాలాడగా కూడా ఎవరూ వినలేదని గుర్తొచ్చి ఆపేశారు. సుందరం నోరు తెరిచాడు, పాస్టరయ్య చేయి చూపిస్తే మూసుకున్నాడు.

"సుందరమన్న అడిగినప్పుడే చెప్పాల్సింది. చెప్పలేకపోయినా." ఆయన రత్నమణి వైపు తిరిగాడు. ఇక మాట ఆమెకే. "నేను ఈ ఇంట్లో ఉంటిని, నువ్వు ఆ ఇంట్లో ఉంటివి. ఆ ఇల్లు నేను సూడలేదు. ఈ మిద్దె, ఆ బోరు, కృప సదువు, అన్నీ ఆ మెట్లు కడిగితే వచ్చినాయి. యెరూషలేము దేవుడు నడిచిన తావు, కాదనను. మనింటికి అన్నం నడిచొచ్చిన తావు అది. ఆ మెట్ల ముందర ఒకసారి మోకాళ్లూనల్ల. ఆ రేగుచెట్టును ఒకసారి ముట్టుకోవల్ల. అంతే."

అని కూర్చున్నాడు. అంత మాట ఒక్కసారిగా ఆయన నోట రావడం ఆ వాకిట్లో ఎవరూ ఎరగరు. తలుపు దగ్గర నిలబడ్డ కృపారాణి పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రత్నమణి తలెత్తింది. ఆమెకు ఆశ్చర్యమేమీ ఉన్నట్టు లేదు.

"అంగడి రాయి తప్పు తావులో పెట్టినావు," అన్నది. "ఫోన్ డబ్బాకు ఎడమచేతి పక్క అంగడి. నువ్వు కుడిపక్క పెట్టినావు."

ఎవరికీ అర్థం కాలేదు. ఏసురాజుకు అర్థమైంది. తోటలో రాళ్లు చూసిన రోజే ఆమె ఆ ఇంటిని గుర్తుపట్టిందన్నమాట.

"తెలిసీ అడగలేదే," అన్నాడు మెల్లగా.

"నువ్వు చెప్తావని కాసుకొనుండా," అన్నది. తర్వాత కాసేపు కొంగు అంచు మడతలు పెట్టింది. "ఆ మెట్లు నువ్వు సూడు. నేను సూడను, శానా సూసినా. నేను కార్లో కూర్చుంటా. నాకు సముద్రం సూపియ్యి."

సముద్రమేమిటని ఆయన మొహమే అడిగింది. ఆ ఇంటికి రెండు వీధుల అవతలే ఉండేదని చెప్పింది. ఉక్కపోసే సాయంత్రాల్లో వంటింటి కిటికీలోకి దాని వాసన వచ్చేది. ఆ ఇంటివాళ్లు పిల్లల్ని తీసుకుని పోయేవాళ్లు. వాళ్లు వచ్చేసరికి రాత్రి వంట సిద్ధం చేయాలి కాబట్టి ఈమె ఇంట్లో ఉండిపోయేది.

"వచ్చినాక పిల్లోల్ల గుడ్డలు దులిపేదాన్ని. ఇసక రాలేది. ఆ ఇసకే నేను సూసిన సముద్రం."

ఇది ఆమె ఫోన్‌లో ఎన్నడూ చెప్పలేదు. అన్నేళ్లు ఊ కొట్టినా ఆయనకు ఇది వినపడలేదు. ఏసురాజు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

శారమ్మ మంచం మీద నుంచి అందుకుంది. "అయితే నా సీసా ఏం గావాల? ఉప్పునీళ్లు తెస్తారేమప్పా?" దాంతో వాకిలంతా నవ్వింది. సుందరం లేచి, తాను తెచ్చుకున్న యొర్దాను నీళ్లు ఇంకా సగం సీసా ఉన్నాయనీ, అవి శారమ్మకిస్తాననీ అన్నాడు. ఆ నీళ్ల మీద ఆయనకెంత ప్రేమో తెలిసినవాళ్లు కాబట్టి అది చిన్న సంగతి కాదని అందరికీ తెలుసు. మిగిలినవాళ్లు తమ కోరికల్ని ఖర్జూరాలకు మార్చుకున్నారు. పాస్టరయ్య మళ్లీ ప్రార్థన చేశాడు. ఈసారి కువైట్ పేరెత్తి, ఆ ఇంటి మెట్ల పేరెత్తి, అక్కడ తెల్లారి నిలబడి ప్రార్థించిన మనిషి పేరెత్తి స్తోత్రం చెల్లించాడు. అందరూ ఆమేన్ అన్నారు. అన్నాలు తిన్నారు.

మరునాడు ఆరాధన అయ్యాక ముగ్గురూ తోటకు పోయారు. రత్నమణి వంగి అంగడి రాయిని తీసి ఎడమపక్క పెట్టింది. పెద్దరాయికి అవతల, రెండు పైపు ముక్కలు దాటాక, కాలి మడమతో నేలను గుంటలాగా తవ్వింది. ఏసురాజు అడక్కుండానే పోయి డ్రిప్పు పైపు ఒకదాని మూత ఊడదీసి ఆ గుంటలోకి తిప్పాడు. ఎర్రనీళ్లు నిండుతూ వచ్చాయి.

"మొదటి దినం ఇదే," అన్నాడు ఆయన, ఆ నీళ్లు చూపించి. "మెట్లు తర్వాత."

కృపారాణి ఫోన్ చేతిలో పట్టుకుని, టికెట్లు చేసేదా అమ్మా అని అడిగింది.

రత్నమణి ఆ నీళ్లలో వేళ్లు ముంచి చూసుకుంది.

"ఊ," అన్నది, కొంచెం కూడా సాగదీయకుండా.