పన్నెండో బిళ్ళ

రెండు రైలు పట్టాలు కలిసే అతుకు దగ్గర సందు వదలాలి. ఎండకి ఇనుము సాగుతుంది. సాగడానికి చోటు లేకపోతే పట్టా పక్కకి వంగుతుంది. అందుకని చలి పొద్దున పట్టాలు వేసేటప్పుడు సందులో ఇనుప బిళ్ళ పెట్టి, బోల్టులు బిగించాక తీసేస్తాం. ఆ బిళ్ళల పని మా బావది.

మా అక్క ఆయనకి పన్నెండు జేబుల సంచి కుట్టింది. జేబుకో బిళ్ళ. జేబు ఖాళీగా కనిపిస్తే బిళ్ళ లైన్లో ఉండిపోయినట్టే. అక్క పోయి నెలైంది. అప్పటినుంచి బావ ఆ సంచి ముట్టుకోలేదు. బిళ్ళలు చొక్కా జేబులో పోసుకుని వచ్చేవాడు. పోయిన వారం పానా ఒకటి పట్టాల మధ్య మరిచిపోయాడు. ఇంకొక్క తప్పు చేస్తే సామాన్ల కొట్టుకి పంపిస్తానన్నాడు మేస్త్రీ. నాలుగు గోడల మధ్య బావ నాలుగు రోజులు కూడా బతకడు.

ఆ రోజు పదింటికి కంకర ఎగదోస్తుంటే నా పక్కకి వచ్చాడు.

"బామ్మర్దీ, పదకొండే ఉన్నాయిరా."

"సరిగ్గా చూశావా?"

"మూడుసార్లు చూశా. మేస్త్రీకి చెప్పకు. మనమే వెతుకుదాం."

"నలభై అతుకులు బావా. అరగంటలో బండొస్తుంది."

ఆయన వంగి పట్టా మీద చెయ్యి పెట్టాడు. చురుక్కుమనేసరికి తీసేశాడు. నేరుగా మేస్త్రీ దగ్గరికి నడిచాడు.

"బండి ఆపించు. బిళ్ళ ఒకటి సందులో వదిలేశాను."

"నీ బుద్ధి గడ్డి మేస్తోందా ముసలోడా!" అంటూనే మేస్త్రీ ఫోను తీశాడు.

ముప్పయ్యొకటో అతుకులో దొరికింది. బిగుసుకుపోయింది. బోల్టులు వదులు చేసి, పట్టా చల్లారేలా తడి గోనెలు కప్పి, సుత్తితో కొడితే ఊడింది. బోల్టులు మళ్ళీ బిగించాక బండి నిదానంగా పోయింది.

"రేపట్నుంచి కొట్టుకేనా?" అన్నాడు బావ.

మేస్త్రీ ఆయన ఖాళీ నడుము వైపు చూశాడు. "నీ ఇంటావిడ కుట్టిన సంచి ఏదయ్యా?"

"ఇంట్లో ఉంది."

"అది కట్టుకొస్తే లైను. లేకపోతే కొట్టు."

మర్నాడు సంచి నడుముకి కట్టుకునే వచ్చాడు. ఒక జేబు కుట్టు ఊడింది. గోనెలు కుట్టే దబ్బనంతో నేనే కుట్టాను. వంకరగా వచ్చింది.

"మీ అక్క చూస్తే తిట్టేదిరా" అన్నాడు బావ.

"తిట్టనీ" అన్నాను.

బిళ్ళ మాత్రం పట్టింది.